ఛాయాచిత్రాల ధర, లైసెన్సు

ఛాయాచిత్రపు లైసెన్సు అనగా, ఒక ఛాయాచిత్రంపై కాపీహక్కు కలిగిన వ్యక్తి ఆ హక్కును తనవద్దనే ఉంచుకొని, చిత్రాన్ని ఒక నిర్ణీతమైన పనికి, నిర్ణీత కాలంపాటు, నిర్ణీత ప్రాంతంలో వాడుకొనడానికి మరొకరికి ఇచ్చే అనుమతి. ఈ అనుమతికి పుచ్చుకొనే సొమ్మునే వ్యవహారంలో "ఫొటో ధర" అంటున్నాము. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారు "ఫొటోకు ఎంత అడగాలి?" అని తెలిసినవారిని అడుగుతూ ఉంటారు. నిజానికి తేల్చుకోవలసిన ప్రశ్న "ఏ వాడుకకు ఎంత?" అన్నది.

భారతదేశంలో ఈ వ్యవహారమంతటికీ 1957 నాటి కాపీహక్కు చట్టం ఆధారం. ఇది 1958 జనవరి 21 నుండి అమలులోకి వచ్చింది. 2012లో దీనికి ముఖ్యమైన సవరణలు జరిగాయి. అంతర్జాలంలో కొత్త ఫొటోగ్రాఫర్లకు దొరికే సలహాలలో చాలా భాగం అమెరికా చట్టాన్ని దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. ఒక ముఖ్యమైన విషయంలో మన చట్టం దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ తేడా తెలియక నష్టపోయేవారు ఎక్కువ కనుక ఈ వ్యాసంలో ఆ భాగాన్ని కొంత విపులంగా వివరించడం జరిగింది.

అమ్మకం, కౌలు

ఒక రైతు తన ఎకరం పొలాన్ని అమ్మవచ్చు, లేదా కౌలుకు ఇవ్వవచ్చు. అమ్మితే దస్తావేజు వ్రాసి, సరిహద్దులు చూపి, హక్కును శాశ్వతంగా వదులుకొంటాడు. కౌలుకు ఇస్తే భూమి అతనిదిగానే ఉంటుంది. గడువు తీరగానే తిరిగి చేతికి వస్తుంది. ఛాయాచిత్రానికీ ఇవే రెండు దారులు. కాపీహక్కును వ్రాసి ఇచ్చివేయడాన్ని బదలాయింపు అంటారు. వాడుకకు మాత్రమే అనుమతించడం లైసెన్సు.

అయితే పొలానికి లేని సౌలభ్యం ఒకటి ఛాయాచిత్రానికి ఉంది. ఒకే చిత్రాన్ని ఒకే సమయంలో పదిమందికి "కౌలుకు" ఇవ్వవచ్చు. ఇలా పలువురికి ఇచ్చేది సాధారణ లైసెన్సు. ఒక్కరికే ఇచ్చి, ఆ గడువులో మరెవ్వరికీ ఇవ్వనని మాట ఇస్తే అది ప్రత్యేక లైసెన్సు. చిత్రాన్ని కాగితంపై అచ్చువేసి, చట్రం కట్టి అమ్మినప్పుడు కొన్నవారికి దక్కేది ఆ ఒక్క ప్రతి మాత్రమే. దానిని పుస్తకం అట్టపై అచ్చువేసుకొనే హక్కు రాదు.

పూర్తి అమ్మకానికి అందరూ చూసిన ఉదాహరణ ఒకటి ఉంది. విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు తెరపై కనబడే పచ్చని కొండ, నీలి ఆకాశం చిత్రాన్ని చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫరు 1996లో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో ఫిల్ముపై తీశాడు. ఒక చిత్రాల ఏజెన్సీ ద్వారా దానిని చూసిన మైక్రోసాఫ్ట్ సంస్థ పూర్తి హక్కులను కొనివేసింది. ఇచ్చిన సొమ్మును వెల్లడించరాదన్నది ఒప్పందం. అంత విలువైన ఫిల్మును చేరవేసే పూచీ తీసుకోవడానికి కొరియరు సంస్థలు ముందుకు రాకపోవడంతో, కంపెనీయే టిక్కెట్టు కొని పంపగా ఆయన స్వయంగా విమానంలో తీసుకువెళ్ళి అందజేశాడు. ఇటువంటి అమ్మకం ఏ కోటికో ఒక్కరికి తటస్థిస్తుంది. సామాన్యంగా "అన్ని హక్కులూ మాకే" అని అడిగేవారు ఇవ్వజూపేది ఒక్క వాడుకకు సరిపోయే సొమ్మే.

మన ఊళ్ళలోని పాత స్టూడియోలు లైసెన్సు అన్న మాట వాడకపోయినా ఇంచుమించు ఈ పద్ధతినే పాటించాయి. నెగెటివు స్టూడియోలోనే ఉండేది. కవరుపై నంబరు వేసి దాచేవారు. కావలసినప్పుడు వచ్చి నంబరు చెప్పి, ప్రతికి ఇంత అని చెల్లించి తీసుకొనేవారు. రాబడి తీయడంలో కంటే ప్రతులలో ఎక్కువగా ఉండేది. డిజిటల్ కెమెరాలు వచ్చి, ఫైళ్ళను పెన్ డ్రైవులో వేసి ఇచ్చే అలవాటు ఏర్పడిన పిమ్మట ఆ రెండవ రాబడి పోయింది. దాని స్థానాన్ని పూరించగలిగేది వాడుక రుసుమే.

కాపీహక్కు ఎవరిది?

చట్టం ప్రకారం ఛాయాచిత్రం ఒక కళాకృతి. దానిని తీసిన వ్యక్తి దానికి కర్త. కెమెరా ఎవరిదన్నది ప్రశ్న కాదు. హక్కు చిత్రం తీసిన క్షణంలోనే పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. 2012 సవరణకు ముందు ఛాయాచిత్రాలకు కాపీహక్కు ప్రచురణ నాటి నుండి 60 సంవత్సరాలు మాత్రమే ఉండేది. ఆ సవరణతో ఇతర కళాకృతులతో సమానంగా కర్త జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు అయింది.

కర్త, మొదటి యజమాని సామాన్యంగా ఒక్కరే. కానీ సెక్షను 17లో దీనికి మినహాయింపులు ఉన్నాయి, కొత్తవారు తప్పక తెలుసుకోవలసినవి ఇవే. ఒకరి కోరికపై, ప్రతిఫలం పుచ్చుకొని తీసిన ఛాయాచిత్రానికి, విరుద్ధమైన ఒప్పందం లేనట్లయితే, తీయించుకొన్న వ్యక్తే మొదటి యజమాని. అంటే పెళ్ళిలో డబ్బు పుచ్చుకొని తీసిన ఫొటోలన్నింటిపై కాపీహక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించిన పెళ్ళివారిది. తీసినవారు వాటిని తమ వెబ్‌సైటులో పెట్టుకోవాలన్నా, పెళ్ళికూతురి చిత్రాన్ని చీరల దుకాణం ప్రకటనకు ఇవ్వాలన్నా వారి అనుమతి కావాలి. దుకాణాల కోసం తీసే వస్తువుల చిత్రాలకు, హోటళ్ళ కోసం తీసే వంటకాల చిత్రాలకు కూడా ఇదే వర్తిస్తుంది. బంధువుల ఇంటి పెళ్ళిలో ఏమీ పుచ్చుకోకుండా తీసిన చిత్రాలకు మాత్రం ప్రతిఫలం లేదు కనుక ఈ మినహాయింపు అంటదు; సొమ్ము రాకపోయినా హక్కు మిగులుతుంది!

ఈ నియమం బ్రిటిషు వారి 1911 చట్టం నుండి మనకు సంక్రమించింది. బ్రిటనులో 1988 చట్టంతో దీనిని తొలగించి, హక్కును తీసినవారికే ఇచ్చారు. సొంత అవసరాలకు తీయించుకొన్నవారి గోప్యతకు వేరే రక్షణ కల్పించారు. అమెరికాలో స్వతంత్రంగా పనిచేసే ఫొటోగ్రాఫరు వ్రాసి ఇస్తే తప్ప హక్కు అతనిని వదిలి పోదు. మన చట్టంలో మాత్రం పాత నియమం కొనసాగుతున్నది. "తీసింది నువ్వు కాబట్టి హక్కు నీదే" అని అమెరికా పుస్తకం చదివి నిశ్చింతగా ఉన్న మన యువకుడు, తీరా వివాదం వచ్చినప్పుడు తన చిత్రంపై తనకు హక్కు లేదని తెలుసుకొంటాడు. దీనికి మందు చట్టంలోనే ఉంది. "విరుద్ధమైన ఒప్పందం లేనట్లయితే" అన్న మాటను ఉపయోగించుకొని, పని ఒప్పుకొనేటప్పుడే "ఈ చిత్రాలపై కాపీహక్కు ఫొటోగ్రాఫరుదే, ఖాతాదారుకు ఫలానా వాడుకలకు అనుమతి" అని ఒక్క వాక్యం వ్రాసుకొంటే చాలు.

ఉద్యోగంలో భాగంగా తీసినవాటికి యజమాని సంస్థే హక్కుదారు. పత్రికా ఉద్యోగుల విషయంలో కొంత తేడా ఉంది: పత్రికలలో ప్రచురణకు సంబంధించినంత వరకు హక్కు పత్రికది, తక్కిన వాడుకలపై హక్కు తీసినవారిది. మండల స్థాయిలో తెలుగు దినపత్రికలకు వార్తలు, ఫొటోలు పంపే కంట్రిబ్యూటర్లు ఉద్యోగుల కిందికి వస్తారా రారా అన్నది వారికీ పత్రికకూ మధ్య ఉన్న ఒడంబడికను బట్టి ఉంటుంది. కనుక వారు దానిని ఒకసారి చదివి చూసుకోవడం మంచిది.

కాపీహక్కు చేతులు మారినా కర్తతో ఉండిపోయే హక్కులు రెండున్నాయి (సెక్షను 57): తానే కర్తనని చెప్పుకొనే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చే విధంగా కృతిని వికృతం చేస్తే అడ్డుకొనే హక్కు. "డబ్బు ఇవ్వలేము కానీ కింద మీ పేరు వేస్తాము" అనేవారు తరచు ఎదురవుతారు. పేరు చెప్పుకొనే హక్కు చట్టం ముందే ఇచ్చింది. మనదే మనకు ఇచ్చి దానిని ధర అనడం భావ్యం కాదు.

ఒప్పందంలో ఉండవలసినవి

లైసెన్సు వ్రాతపూర్వకంగా ఉండాలని చట్టం చెబుతున్నది. ఏ చిత్రం, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత రుసుము అన్నవి అందులో పేర్కొనాలి. గడువు వ్రాయకపోతే ఐదు సంవత్సరాలుగాను, ప్రాంతం వ్రాయకపోతే భారతదేశం మొత్తంగాను భావిస్తారు. అనగా, ఒక్క ఉగాది సంచికకు అనుకొని నోటిమాటగా, పైపైన వ్రాసి ఇచ్చిన అనుమతి ఐదేళ్ళ వివాదంగా మారే అవకాశం ఉంది. ఒప్పందానికి స్టాంపు కాగితాలు, పెద్ద భాష అక్కరలేదు. మాదిరికి:

"చిత్రం సంఖ్య గో-14, పాపికొండల మధ్య లాంచీ. వాడుక: ఒక సంవత్సరపు గోడ క్యాలెండరు, ఒక పుట, 2,000 ప్రతులు. ప్రాంతం: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. గడువు: 12 నెలలు. సాధారణ లైసెన్సు. చిత్రం కింద ఫొటోగ్రాఫరు పేరు ఉండాలి. రుసుము: 3,500 రూపాయలు, ముద్రణకు ముందు. కాపీహక్కు ఫొటోగ్రాఫరుదే. ఇతర వాడుకలకు వేరుగా అనుమతి పొందాలి."

ఇందులోని ప్రతి మాటా ధరతో ముడిపడినదే. ప్రతుల సంఖ్య పెరిగినా, గడువు పెరిగినా, "సాధారణ" అన్నచోట "ప్రత్యేక" అని మార్చినా రుసుము మారాలి. ఇటీవలి ఒప్పందాలలో చిత్రాలను కృత్రిమ మేధ శిక్షణకు వాడుకొనవచ్చునన్న షరతు కనబడుతున్నది. ఇది కూడా ఒక వాడుకే కనుక ఇష్టం లేకపోతే కొట్టివేయమని అడగవచ్చు, ఇష్టమైతే వేరుగా ధర కట్టవచ్చు.

ధర కట్టే విధానం

ధరలో రెండు పాళ్ళు ఉంటాయి: చిత్రం తీయడానికి అయ్యే కూలి, ఖర్చులు, చిత్రాన్ని వాడుకొన్నందుకు రుసుము. ఒకరు పిలిచి తీయించుకొన్నప్పుడు రెండూ వస్తాయి. ముందే తీసి ఉంచుకొన్న చిత్రానికి రెండవదే వస్తుంది.

మొదటి పాలు లెక్క సులభమే అయినా అధికులు తప్పుతారు. ఉదాహరణకు కెమెరా, కటకాలు, కంప్యూటరు కలిపి 2,40,000 రూపాయలు అయినాయనీ, అవి నాలుగేళ్ళు పనికివస్తాయనీ అనుకొందాము. ఏడాదికి 60,000. ప్రయాణాలు, కరెంటు, మరమ్మతులు, సాఫ్ట్‌వేరు వగైరాలకు మరో 60,000. కుటుంబ పోషణకు 3,00,000. వెరసి 4,20,000. దీనిని 300 పనిదినాలతో భాగిస్తే రోజుకు 1,400 వస్తుంది. ఆ ధరకు పని ఒప్పుకొన్న వ్యక్తి ఏడాది తిరిగేసరికి అప్పులపాలవుతాడు. కారణం, ఫొటో తీసే ప్రతి రోజు వెనుక ఎంపిక, దిద్దుబాటులకు ఒకటి రెండు రోజులు పడతాయి. పని వెతుక్కోవడానికి, బాకీ వసూలుకు తిరగడానికి మరికొన్ని పోతాయి. మూఢాలు, ఆషాఢం వస్తే పెళ్ళిళ్ళే ఉండవు. నిజంగా డబ్బు వచ్చే రోజులు ఏడాదికి 70 అనుకొంటే రోజు ధర 6,000 అవుతుంది. ఇవి లెక్క కోసం వేసిన అంకెలు మాత్రమే, ఎవరి అంకెలు వారు వేసుకోవాలి. మారనిది భాగహారం చేసే పద్ధతి.

రెండవ పాలు వాడుకను బట్టి ఉంటుంది. పైన చెప్పిన పాపికొండల చిత్రాన్నే ముగ్గురు అడిగారనుకొందాము. ఒక మాసపత్రిక లోపలి పుటలో పావు భాగానికి కావాలంటుంది. ఒక బ్యాంకు క్యాలెండరుకు అడుగుతుంది. రాజమహేంద్రవరంలోని ఒక హోటలు ఆరు నెలలపాటు రోడ్డుపక్క హోర్డింగుకు అడుగుతుంది. చిత్రం ఒకటే, తీయడానికి పడిన శ్రమ ఒకటే. కానీ పత్రికకు అది ఒక మూల అలంకారం, హోటలుకు అతిథులను రప్పించే సాధనం. కాబట్టి హోర్డింగు ధర పత్రిక ధరకు అనేక రెట్లు ఉండడం న్యాయమే. హోటలు వారు ప్రత్యేక లైసెన్సు కోరితే మరొక లెక్క వేయాలి: ఆ కాలంలో ఇతరులకు ఇచ్చి ఉంటే 9,000 వచ్చేదనుకొంటే, ఆ 9,000 తమ రుసుముపై అదనంగా హోటలే భరించాలి. బేరం ఆడేవారికి ధర తగ్గించడం కంటే వాడుకను తగ్గించి ఇవ్వడం మేలు. "అంత ఇవ్వలేము" అంటే "అయితే ఆరు నెలలకు బదులు మూడు నెలలు వాడుకోండి" అనవచ్చు. ఊరకే ధర తగ్గిస్తే మొదట చెప్పిన ధర అబద్ధమని మనమే ఒప్పుకొన్నట్లవుతుంది.

సేవల ద్వారా వార్షిక రాబడి 20 లక్షలు దాటనంతవరకు సామాన్యంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. దాటినవారు పన్నును ధరపై వేరుగా చూపాలి.

స్టాక్ సంస్థలు, రాయల్టీ-ఫ్రీ

ముందే తీసి ఉంచిన చిత్రాలను కోరినవారికి అందించే సంస్థలను స్టాక్ సంస్థలు అంటారు. ఒకప్పుడు ఇవి ప్రతి వాడుకకూ వేరుగా ధర కట్టేవి. 2000లో కెనడాలో ఐస్టాక్‌ఫొటో, 2003లో అమెరికాలో షటర్‌స్టాక్ మొదలైన పిమ్మట రాయల్టీ-ఫ్రీ పద్ధతి వ్యాపించింది. పేరులోని "ఫ్రీ"ని చూసి ఉచితమని పొరబడరాదు. కొన్నవారు ఒక్కసారి చెల్లించి, మళ్ళీ మళ్ళీ చెల్లించనక్కర లేకుండా షరతులకు లోబడి పలుమార్లు వాడుకొనవచ్చునని దాని అర్థం. 1995లో ఏర్పడిన గెట్టీ ఇమేజెస్ 2006లో ఐస్టాక్‌ఫొటోను 5 కోట్ల డాలర్లకు కొన్నది. 2019లో, వార్తాచిత్రాలు కాని వాటికి వాడుకను బట్టి ధర కట్టే పాత పద్ధతిని విరమిస్తున్నట్లు ప్రకటించింది.

షటర్‌స్టాక్ 2020 జూన్‌లో తెచ్చిన విధానంలో చిత్రకారునికి అమ్మకపు సొమ్ములో 15 నుండి 40 శాతం వరకు వస్తుంది. ఎక్కువ అమ్ముడైన కొద్దీ మెట్టు పెరుగుతుంది కానీ ప్రతి జనవరిలో మళ్ళీ మొదటి మెట్టు నుండి ఎక్కాలి. చందా పద్ధతిలో కొన్నవారి నుండి ఒక చిత్రానికి 10 సెంట్లు మాత్రమే రావడం కూడా కద్దు. అమెరికా సంస్థలు ఆ దేశపు ఖాతాదారులకు జరిగిన అమ్మకాల రాబడిలో పన్ను మినహాయిస్తాయి. డబ్ల్యు-8బెన్ అనే పత్రం నింపి ఇచ్చిన భారతీయులకు, ఇరు దేశాల పన్ను ఒప్పందం మేరకు, 30 శాతానికి బదులు 15 శాతమే మినహాయిస్తారు.

వందల చిత్రాలు పెట్టగలిగినవారికి ఇది నిదానంగా వచ్చే చిల్లర రాబడి. అరుదైన చిత్రం ఒకటి ఉంటే మాత్రం దానిని ఇక్కడ పెట్టకపోవడమే మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒకసారి రాయల్టీ-ఫ్రీగా అమ్ముడైన చిత్రం ఎవరెవరి వద్ద ఉన్నదో చెప్పలేము. కనుక దానికి ఆ తరువాత ప్రత్యేక లైసెన్సు ఇవ్వడం అసాధ్యం.

చిత్రంలోని మనుషులు

కాపీహక్కు ఫొటోగ్రాఫరుది కావచ్చు, ముఖం మాత్రం ఆ మనిషిదే. వార్తకు, పాఠానికి, వ్యాసానికి వాడితే అది సంపాదకీయ వాడుక. వస్తువు అమ్మడానికి వాడితే వాణిజ్య వాడుక. రెండవదానికి చిత్రంలో గుర్తుపట్టగలిగిన వ్యక్తి నుండి వ్రాతపూర్వకమైన సమ్మతి తీసుకోవాలి. దీనిని మోడల్ రిలీజు అంటారు. పిల్లలైతే తల్లిదండ్రులు సంతకం చేయాలి. లాంచీలోని ప్రయాణికుల ముఖాలు స్పష్టంగా కనిపిస్తే హోటలు హోర్డింగుకు ఆ చిత్రం పనికిరాదు. పత్రిక వ్యాసానికి పనికివస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైంది.

2007లో జరిగిన ఒక సంఘటన ఇందుకు ఉదాహరణ. అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన ఒక బాలిక ఫొటోను తెలిసినవారు ఫ్లికర్‌లో, వాణిజ్య వాడుకను కూడా అనుమతించే స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టారు. ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ సంస్థ దానిని తన ప్రకటనలలో వాడుకొన్నది. బాలిక కుటుంబం దావా వేసింది. అమెరికా న్యాయస్థానం ఆస్ట్రేలియా సంస్థపై తనకు విచారణాధికారం లేదని 2009లో దావాను కొట్టివేసింది. ఫొటోగ్రాఫరు అనుమతి ఉన్నది, బాలిక అనుమతి లేదు. ఒకటి మరొకదానికి బదులు కాదు.

బహిరంగ స్థలాలలో శాశ్వతంగా నెలకొల్పిన విగ్రహాలను, కట్టడాలను ఫొటో తీసి ప్రచురించడం కాపీహక్కు ఉల్లంఘన కాదని చట్టం చెబుతున్నది. హైదరాబాదు ట్యాంకుబండ్ విగ్రహాలు దీని కిందికి వస్తాయి. గోడలపై వేసిన చిత్రాలకు ఈ మినహాయింపు లేదు.

స్వేచ్ఛా లైసెన్సులు

2001లో స్థాపించిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో తన మొదటి లైసెన్సులను విడుదల చేసింది. కర్త పేరు చెప్పడం, అవే షరతులతో పంచుకోవడం, వాణిజ్యానికి వాడకపోవడం, మార్చకపోవడం అన్న నాలుగు షరతుల కలయికతో ఆరు లైసెన్సులు ఉన్నాయి. విజ్ఞానసర్వస్వాలకు చిత్రాలనిచ్చే వికీమీడియా కామన్స్ వాణిజ్య వాడుకను, మార్పులను అనుమతించే లైసెన్సులనే స్వీకరిస్తుంది. ఒకసారి ఇచ్చిన ఈ అనుమతిని వెనక్కు తీసుకోవడానికి వీలులేదు. ఇచ్చిన తరువాత కూడా ఆ షరతులు ఇష్టపడని వ్యాపారులకు అదే చిత్రాన్ని వేరుగా సొమ్ముకు లైసెన్సు చేయవచ్చు. అందువలన మన ఊరి గుడి, చెరువు, సంతల చిత్రాలు అందరికీ ఇచ్చి, జీవనాధారమైన చిత్రాలను వేరుగా ఉంచుకొనేవారు చాలామంది ఉన్నారు. ఏది ఏ కుప్పలోదో ఎక్కించకముందే నిర్ణయించుకోవాలి.

అనుమతి లేని వాడుక

చిత్రపు ఫైలులోనే కర్త పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు నింపే వీలు ఉంది. ఈ వివరాలను తెలిసీ తొలగించడం సెక్షను 65బి ప్రకారం రెండేళ్ళ వరకు జైలుశిక్షకు తగిన నేరం. గూగుల్ చిత్రాల శోధన 2020 నుండి, ఈ వివరాలు ఉన్న చిత్రాలపై లైసెన్సు లభ్యమన్న గుర్తును చూపుతున్నది.

అనుమతి లేకుండా వాడినట్లు కనిపిస్తే మొదట ఆ పుటను తేదీతో సహా భద్రపరచుకోవాలి. తరువాత మర్యాదగా ఒక ఉత్తరం, దానితోపాటు ఆ వాడుకకు మామూలుగా తీసుకొనే రుసుముకు బిల్లు పంపాలి. చాలావరకు తెలియక వాడినవారే ఉంటారు. సగం తగవులు ఇక్కడే తీరుతాయి. వెబ్‌సైటులో ఎవరో పెట్టినది అయితే ఆ వెబ్‌సైటు నిర్వాహకులకు ఫిర్యాదు చేయవచ్చు. నిర్వాహకులు 21 రోజులపాటు దానిని నిలిపివేయాలి, ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్ళీ పెట్టవచ్చు. దావా వేయవలసి వస్తే ప్రతివాది ఊరికే వెళ్ళనక్కరలేదు. సెక్షను 62 ప్రకారం ఫొటోగ్రాఫరు తాను నివసించే చోటి జిల్లా న్యాయస్థానంలోనే వేయవచ్చు. అక్కడ న్యాయమూర్తి మొదట అడిగేది చిత్రం మీదేనని చూపించమని. కనుక కెమెరా నుండి వచ్చిన అసలు ఫైలును, ఆ రోజు తీసిన ముందు వెనుక చిత్రాలతో సహా, చెరిపివేయకుండా ఉంచుకోవాలి.